గీత గీశాక మిగిలే ప్రశ్న
(శ్రీనివాస రామానుజన్ స్మారక ఉపన్యాసం)



రామానుజన్ పేరిట జరిగే సభల్లో అనంత శ్రేణుల గురించి, సంఖ్యా విభజనల గురించి మాట్లాడడం రివాజు. ఈ సాయంత్రం నేను ఆయన రాసిన ఒక చిన్న రచనతో మొదలుపెడతాను. ఇంగ్లండు ఓడ ఎక్కడానికి ముందే, 1913లో, ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో అది అచ్చయింది. గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న రోజుల్లో వి. రామస్వామి అయ్యరు పూనుకోగా 1907లో ఏర్పడిన సంఘం అది. రామానుజన్ ప్రతిభను తొలుత గుర్తుపట్టినవాళ్లలో ఆ అయ్యరుగారూ ఒకరు. ఇక రచన సంగతి. వృత్తానికి ఒక వ్యాసం గీస్తాడు. ఒక పక్క వ్యాసార్థాన్ని సగం చేస్తాడు, రెండో పక్క దాన్ని మూడు భాగాలు చేస్తాడు. ఒక లంబం, దానికి సమానమైన జ్యా, రెండు సమాంతరాలు, ఒక స్పర్శరేఖ, ఇంకో నాలుగైదు గీతలు. చివరికి వచ్చిన రేఖాఖండం మీద చతురస్రం గీస్తే దాని వైశాల్యం వృత్త వైశాల్యానికి సమానం, కానీ సుమారుగా. పై (π) బదులు 355/113 అనే భిన్నం ఆ గీతల్లో దాక్కుని ఉంది.

అచ్చంగా సమానమైన చతురస్రం స్కేలు, కాంపస్‌లతో రాదని 1882లోనే లిండెమాన్ నిరూపించాడు. రామానుజన్ దాన్ని దాటానని చెప్పుకోలేదు. తన గీత ఎంత తప్పుతుందో లెక్కకట్టి చెప్పాడు: వృత్తం వైశాల్యం 1,40,000 చదరపు మైళ్లయితే చతురస్రం భుజం ఉండవలసిన దానికన్నా సుమారు ఒక అంగుళం ఎక్కువ. రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపినా అంత వైశాల్యం రాదు, ఒక్కసారి ఊహించుకోండి. నన్ను పట్టుకున్నది ఆ అంగుళం. గీత ముగిశాక, ఆ గీత ఏం చేయగలదో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పిన ఆ ఒక్క వాక్యంలోనే ఈ ఉపన్యాసానికి కావలసిన వాదన ఉంది. గణిత పోటీల్లో ఒకప్పుడు వెలిగి, తరువాత కనుమరుగైన నిర్మాణ సమస్యల గురించి ఆ దృష్టితో మాట్లాడతాను.

1

నిర్మాణ సమస్య అంటే ఏమిటో ముందు తేల్చుకుందాం. చేతిలో రెండే పనిముట్లు. ఒకటి గుర్తుల్లేని స్కేలు. రెండు బిందువులను కలిపే సరళరేఖ గీయడానికి తప్ప కొలవడానికి అది పనికిరాదు. రెండోది కాంపస్, పాఠ్యపుస్తకాల భాషలో వృత్తలేఖిని. ఇచ్చిన కేంద్రంతో, ఇచ్చిన దూరంతో వృత్తం గీస్తుంది. గీతలు, వృత్తాలు ఖండించుకున్నచోట కొత్త బిందువులు పుడతాయి. జామెట్రీ బాక్సులో మిగిలిన కోణమానిని, మూలమట్టాలు మూతపెట్టి పక్కన పెట్టాలి. ఈ రెండింటితోనే, లెక్కపెట్టగలిగినన్ని మెట్లలో, అడిగిన బొమ్మను రాబట్టాలి.

దీన్ని సాధించే పద్ధతికి నాలుగు అంచెలున్నాయని తూర్పు ఐరోపా, రష్యా బడులు చాలాకాలం నేర్పాయి. మొదటిది విశ్లేషణ: బొమ్మ దొరికేసిందనుకుని చిత్తు పటం వేసి, తెలిసిన కొలతలకూ తెలియని బిందువులకూ ఉన్న సంబంధాలు వెతకడం. రెండోది నిర్మాణం. మూడోది ఉపపత్తి, అంటే గీసినది అడిగినదేనని నిరూపించడం. నాలుగోది చర్చ: ఇచ్చిన కొలతలు ఎలా ఉంటే సమాధానం ఉంటుంది, ఎలా ఉంటే ఉండదు, ఉంటే ఎన్ని ఉంటాయి. మన తరగతి గదుల్లో మొదటిది ‘చిత్తు పటం’ పేరుతో ఒక మూల మిగిలింది. రెండోది ‘నిర్మాణ క్రమం’ పేరుతో మార్కులన్నీ తీసుకుంది. మూడోది ఉండీ లేనట్టే. నాలుగోదాని ఊసే లేదు.

ఆ నాలుగో అంచె ఎవరో ఆధునికులు అతికించినది కాదు. యూక్లిడ్ మొదటి గ్రంథంలో 22వ ప్రతిపాదన మూడు రేఖాఖండాలతో త్రిభుజం నిర్మించమంటుంది. ఆ వాక్యంలోనే, ఏ రెండిటి మొత్తమైనా మూడోదానికన్నా ఎక్కువ కావాలన్న షరతు చేర్చి ఉంది. షరతు లేకుండా సమస్య ఆయనకు పూర్తి కాదు. నేను చెప్పదలచుకున్నది ఇదే: నిర్మాణ సమస్యలో గణితం ఎక్కువ భాగం చర్చలోనే ఉంది. చర్చను కత్తిరించినచోట నిర్మాణం ఒట్టి డ్రాయింగు అయిపోయింది. డ్రాయింగు అయిపోయింది కాబట్టే పోటీలు దాన్ని వదిలేశాయి, పాఠ్యపుస్తకాలూ వదిలేస్తున్నాయి.

2

అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ 1959లో రుమేనియాలో మొదలైనప్పుడు వచ్చినవి ఏడు దేశాలు, అన్నీ తూర్పు ఐరోపావే. అందువల్ల నేనిందాక చెప్పిన సంప్రదాయం నేరుగా ప్రశ్నపత్రంలోకి దిగింది. 1959, 1960, 1961, 1962, ఈ నాలుగేళ్లూ వరసగా స్కేలు, కాంపస్ ప్రశ్న ఉంది.

1959 నాటి నాలుగో ప్రశ్న చూడండి. లంబకోణ త్రిభుజానికి కర్ణం ఇచ్చారు. కర్ణం మీదికి గీసిన మధ్యగత రేఖ మిగతా రెండు భుజాలకూ గుణమధ్యమం కావాలి. మధ్యగత రేఖ కర్ణంలో సగం కాబట్టి, భుజాల లబ్ధం కర్ణ వర్గంలో నాలుగోవంతు. అదే లబ్ధాన్ని వైశాల్యం వైపునుంచి చూస్తే, కర్ణం మీది లంబం కర్ణంలో నాలుగోవంతని తేలుతుంది. ఇంకేముంది, కర్ణాన్ని వ్యాసంగా అర్ధవృత్తం గీసి, పావు దూరంలో సమాంతర రేఖ గీస్తే చాలు. రేఖ అర్ధవృత్తాన్ని రెండుచోట్ల ఖండిస్తుంది, ఆ రెండు త్రిభుజాలూ ఒకదానికొకటి అద్దంలో బింబాలు. కోణాలు ఎప్పుడూ 15, 75 డిగ్రీలే. ఇక్కడ చర్చ చిన్నది. పావు సగం కన్నా తక్కువ కాబట్టి సమాధానం ఎప్పుడూ ఉంటుంది.

1960 ప్రశ్న దీనికన్నా లోతైనది. ఎ, బి శీర్షాల నుంచి గీసిన ఉన్నతులు, ఎ నుంచి గీసిన మధ్యగత రేఖ ఇచ్చి త్రిభుజం నిర్మించమన్నారు. కిటుకంతా ఒక్క గమనింపులో ఉంది. ఎదుటి భుజం బిసి మధ్యబిందువు నుంచి ఎసి భుజానికి దూరం, బి నుంచి వచ్చే ఉన్నతిలో సరిగ్గా సగం. కాబట్టి ముందు ఎ ఉన్నతి, మధ్యగత రేఖలతో లంబకోణ త్రిభుజం నిర్మిస్తే ఎ శీర్షం, భూమి రేఖ, దాని మీద మధ్యబిందువు దొరుకుతాయి. ఆ మధ్యబిందువు కేంద్రంగా, బి ఉన్నతిలో సగం వ్యాసార్థంగా వృత్తం గీయాలి. ఎ నుంచి దానికి స్పర్శరేఖ గీస్తే, అది భూమి రేఖను తాకినచోట సి. మధ్యబిందువుకు అవతల అంతే దూరంలో బి.

నిర్మాణం నాలుగు వాక్యాల్లో అయిపోయింది. ఇప్పుడు అడగవలసినవి అడుగుదాం. మధ్యగత రేఖ ఎ ఉన్నతి కన్నా పొట్టిదైతే మొదటి అడుగే పడదు. బి ఉన్నతిలో సగం మధ్యగత రేఖను మించితే ఎ శీర్షం వృత్తం లోపల ఉండిపోతుంది, స్పర్శరేఖ లేదు. మించకుండా తక్కువగా ఉంటే స్పర్శరేఖలు రెండు, త్రిభుజాలు రెండు. కానీ ఇక్కడొక మెలిక. బి ఉన్నతి ఎ ఉన్నతికి సరిగ్గా రెట్టింపైతే, రెండు స్పర్శరేఖల్లో ఒకటి భూమికి సమాంతరమైపోతుంది. సి దొరకదు, సమాధానం ఒక్కటే మిగులుతుంది. మధ్యగత రేఖ, ఎ ఉన్నతి సమానమైతే రెండు స్పర్శరేఖలూ ఒకే త్రిభుజాన్ని కుడిఎడమలు మార్చి ఇస్తాయి. పటం చక్కగా వేసిన విద్యార్థి వీటిలో ఒక్కటీ చూడకుండానే బయటపడగలడు. వీటిని చూసినవాడికి ఆ త్రిభుజం గురించి తెలిసినది పటం వేసినవాడికి తెలియదు.

1961లో ప్రశ్నకర్తలు ఈ సంగతి విద్యార్థి దయకు వదిలిపెట్టలేదు. రెండు భుజాలు, మూడో భుజం మధ్యబిందువు దగ్గర మధ్యగత రేఖ చేసే లఘుకోణం ఇచ్చి, త్రిభుజం నిర్మించమని ఊరుకోలేదు. భుజాలకూ ఆ కోణంలో సగం టాంజెంటుకూ మధ్య ఒక అసమానత ఇచ్చి, సమాధానం ఉండడానికి అది అవసరమూ, చాలినదీ అని నిరూపించమన్నారు. సమానత ఎప్పుడొస్తుందనీ అడిగారు. ఇచ్చిన రెండు భుజాల మధ్య కోణం లంబకోణమైనప్పుడు వస్తుంది. చర్చే అక్కడ ప్రశ్న.

3

ఒలింపియాడ్ ప్రశ్న కాకపోయినా, తర్ఫీదు పుస్తకాలన్నిటిలో తిరిగే ఒక సమస్యను కొంచెం నిదానంగా చూద్దాం. ఇక్కడ ఉపాధ్యాయులున్నారు కాబట్టి తొందరపడను. మూడు ఉన్నతులూ ఇచ్చారు, త్రిభుజం నిర్మించాలి.

వైశాల్యం ఒక్కటే కాబట్టి, ప్రతి భుజాన్నీ దాని మీది ఉన్నతితో గుణిస్తే ఒకే సంఖ్య వస్తుంది. అంటే భుజాలు ఉన్నతులకు విలోమానుపాతంలో ఉంటాయి. దీన్నిబట్టి ఒక ముచ్చటైన ఉపాయం చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఇచ్చిన మూడు ఉన్నతులనే భుజాలుగా తీసుకుని ఒక సహాయ త్రిభుజం గీయండి. దానికీ మూడు ఉన్నతులుంటాయి. అవి దాని భుజాలకు, అంటే మనకిచ్చిన కొలతలకు, విలోమానుపాతంలో ఉంటాయి. కనుక అవి మనకు కావలసిన త్రిభుజ భుజాల నిష్పత్తిలో ఉన్నట్టే. వాటితో ఇంకో త్రిభుజం గీస్తే, మనం కోరిన త్రిభుజానికి అది సరూపం. దాన్ని కావలసినంత పెంచడమో తగ్గించడమో చేస్తే పని పూర్తి. 6, 4, 3 కొలతలు ఇచ్చి చూడండి, చక్కగా వస్తుంది. ఎక్కడా తప్పు లేదు.

ఇప్పుడు 10, 5, 4 ఇవ్వండి. సహాయ త్రిభుజం గీయబోతే 5, 4 కలిపినా 9, పదిని అందుకోదు. మొదటి అడుగులోనే ఉపాయం కూలిపోయింది. చాలామంది విద్యార్థులు ఇక్కడ ‘ఈ కొలతలతో త్రిభుజం అసాధ్యం’ అని రాసి కలం మూస్తారు. కానీ భుజాలు 2, 4, 5 నిష్పత్తిలో ఉన్న త్రిభుజాన్ని తీసుకోండి. అది నిక్షేపంగా ఉంది. దాని ఉన్నతులు 10, 5, 4 నిష్పత్తిలోనే ఉన్నాయి. అంటే త్రిభుజం ఉంది, మన ఉపాయానికే అది అందలేదు. ఉపాయం విఫలమవడం వేరు, సమాధానం లేకపోవడం వేరు. ఈ రెండిటినీ విడదీసి చూడడం బీజగణితంలోనూ, సంఖ్యా సిద్ధాంతంలోనూ ఎంత కష్టపడి నేర్పినా పూర్తిగా రాని విద్య. ఇక్కడ ఒక పటం దాన్ని కళ్లకు కట్టేస్తుంది.

సరిచేయడం కష్టమేమీ కాదు. 4కు 10 ఎలాగో 5కు 12.5 అలాగ. అనుపాతంలో ఈ నాలుగో పదాన్ని సమాంతర రేఖలతో ఎనిమిదో తరగతి పిల్లలైనా గీయగలరు. ఇప్పుడు 5, 10, 12.5 భుజాలతో త్రిభుజం గీస్తే భుజాల నిష్పత్తి 2, 4, 5. దానిలో 5 కొలత ఉన్న భుజం మీది ఉన్నతిని, ఉండవలసిన 10తో పోల్చి సమాంతరంగా పెంచితే కోరినది వస్తుంది. ఈ పద్ధతి ఎప్పుడు ఆగిపోతుంది? సమాధానం లేనప్పుడే. మూడు ఉన్నతుల వ్యుత్క్రమాల్లో ఏ రెండిటి మొత్తమైనా మూడోదాన్ని మించాలి, షరతు అంతే. 10, 5, 4కు అది నెరవేరింది. 4 బదులు 3 ఇస్తే నెరవేరదు, త్రిభుజం నిజంగానే లేదు. హద్దు పదిలో మూడోవంతు దగ్గర ఉంది.

పక్కనే మూడు మధ్యగత రేఖలు ఇచ్చిన సమస్యను పెట్టండి. దానికి షరతు వ్యుత్క్రమాల మీద కాదు, కొలతల మీదే: మధ్యగత రేఖలు తామే ఒక త్రిభుజానికి భుజాలు కాగలగాలి. 10, 5, 4 మధ్యగత రేఖలుగా అసాధ్యం, ఉన్నతులుగా సాధ్యం. ఈ తేడాను నిర్మాణ క్రమాలు ఎంత కంఠస్థం చేసినా పట్టుకోలేరు. మూల్యాంకనంలో సహాయ త్రిభుజం ఉపాయానికి పూర్తి మార్కులు వేసే ఉపాధ్యాయులు, ఇక్కడున్నవారు కోప్పడకపోతే, సగం జవాబుకే పూర్తి మార్కులు వేస్తున్నారు.

4

మరి ఇంత సరుకున్న సమస్యలు పోటీల్లోంచి ఎందుకు పోయాయి? 1960ల మధ్య నుంచి ఒలింపియాడ్‌లో జ్యామితి ప్రశ్న ‘నిరూపించండి’ వైపు మళ్లింది. నిర్మాణం దాదాపుగా తెర మరుగైంది. ఇప్పటికీ వాటికి నిలువ నీడ ఇస్తున్న పోటీలున్నాయి. రష్యా జ్యామితికారుడు ఇగోర్ షారిగిన్ పేరుతో 2005 నుంచి జరుగుతున్న జ్యామితి ఒలింపియాడ్ వాటిలో ముఖ్యమైనది. కానీ ప్రధాన స్రవంతి మాత్రం మళ్లీ అటు వెళ్లలేదు.

మూల్యాంకనం కష్టమని మొదటి ఆక్షేపణ. ఒకే బొమ్మకు పది దారులుంటాయి, పదింటికీ చర్చ వేరువేరుగా రాస్తారు, వంద దేశాల పరీక్షకులు ఒక్క కొలబద్ద మీద నిలబడడం ఎలా అంటారు. ఆక్షేపణలో నిజముంది. అయితే నిరూపణ ప్రశ్నలకూ పది దారులుంటాయి, వాటిని దిద్దడం మానలేదు కదా. పైగా చర్చ దారిమీద ఆధారపడదు. 1960 ప్రశ్నలో ఎన్ని త్రిభుజాలొస్తాయన్నది, ఎవరు ఏ దారిన వచ్చినా ఒక్కటే జవాబు. దిద్దేవాడికి నిర్మాణం కన్నా చర్చే తేలిక. చర్చ లేని నిర్మాణ ప్రశ్నను దిద్దడం కష్టమని ఒప్పుకుంటాను. ఆ కష్టాన్ని తెచ్చిపెట్టుకున్నది మనమే.

మన దగ్గర ఈ ఆక్షేపణకు ఇంకో రూపముంది. జేఈఈ, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) లాంటి పరీక్షల్లో చాలా ప్రశ్నలకు నాలుగు ఐచ్ఛికాల్లో ఒకటి ఎంచుకోవాలి, నిర్మాణాన్ని అలా అడగడం కుదరదు. అడగనిదాన్ని చెప్పే తీరిక కోచింగ్ సెంటర్లకు లేదు. ఎన్‌సీఈఆర్‌టీ తన పాఠ్యభాగం తగ్గించినప్పుడు తొమ్మిది, పది తరగతుల్లో నిర్మాణాల అధ్యాయాలను మొత్తంగా తీసేసింది. తీసేసినవాళ్లను తప్పుపట్టడం సులువే. కానీ ఆ అధ్యాయాల్లో అప్పటికే మిగిలింది చాపాలు, మెట్లు మాత్రమే. అందులోంచి తర్కం పోయి చాలాకాలమైంది.

రెండో ఆక్షేపణ గణితజ్ఞులది, కాబట్టి బరువైనది. 1637లో డెకార్ట్ జ్యామితిని సమీకరణాల్లోకి దించాడు. 1837లో పియర్ వాంట్జెల్ స్కేలు, కాంపస్‌లతో దొరికే పొడవులన్నీ వర్గమూలాలను ఒకదానిమీద ఒకటి పేర్చగా వచ్చేవేనని తేల్చాడు. ఇక మిగిలిందేముంది, సమీకరణం రాసి, వర్గ సమీకరణాల్లోకి విడగొట్టి, గీసేయడమే కదా అని వాళ్ల మాట. ఒకటి ఒప్పుకుంటాను. సాధ్యమా కాదా అన్న ప్రశ్నకు ఆఖరి తీర్పు బీజగణితానిదే. కానీ తీర్పుకూ దారికీ తేడా ఉంది. 1962 నాటి ప్రశ్న తీసుకోండి: వృత్తం మీద మూడు బిందువులు ఇచ్చి, నాలుగో బిందువు వృత్తం మీదే పెట్టి, వచ్చిన చతుర్భుజంలో అంతర వృత్తం పట్టేలా చేయమన్నారు. బీజగణితంలో ఇది పేజీల లెక్క. జ్యామితిలో ఎదుటి భుజాల మొత్తాలు సమానం కావాలి. అంటే కొత్త బిందువు నుంచి రెండు భుజాల భేదం తెలుసు, వాటి మధ్య కోణమూ తెలుసు. భేదాన్ని పెద్ద భుజం మీద కోస్తే ఒక సమద్విబాహు త్రిభుజం, దాంతో ఒక తెలిసిన కోణం బయటపడతాయి, మిగిలింది రెండు చాపాల పని. భేదాన్ని భుజం మీద కోసే ఈ పని తొమ్మిదో తరగతి పుస్తకాల్లో చాలాకాలం ఉన్నదే. దీన్ని కాసేపట్లో మళ్లీ ఎత్తుకుంటాను.

ఈ దారులన్నిటినీ ఒక శాస్త్రంగా కూర్చవచ్చని డెన్మార్క్ గణితజ్ఞుడు యూలియస్ పీటర్సన్ 1866లోనే ఒక పుస్తకం రాశాడు. గ్రాఫ్ సిద్ధాంతం చదివినవాళ్లకు పీటర్సన్ గ్రాఫ్ తెలిసే ఉంటుంది, ఆ పీటర్సనే. బిందుపథాలు, పరావర్తనం, భ్రమణం, సరూపత అన్నవి సమస్యలను లొంగదీసే ఆయుధాలుగా ఆయన పుస్తకంలో వరసకట్టాయి. ఈనాడు పోటీల్లో మురిపెంగా వాడే రూపాంతరణాల పద్ధతి చాలామటుకు నిర్మాణ సమస్యల పెరట్లో పెరిగిందే.

5

ఇంకొక ప్రశ్న విద్యార్థుల నుంచి తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. ఎందుకు ఈ రెండు పనిముట్లే? గుర్తులున్న స్కేలు వాడితే కోణాన్ని మూడు సమభాగాలు చేయొచ్చని ఆర్కిమెడిస్ కాలం నుంచీ తెలుసు. శుల్బ సూత్రకారులు తాడు, మేకులతోనే యజ్ఞవేదికలు కొలిచారు. చతురస్రాన్ని వృత్తంగా మార్చడానికి బౌధాయనుడు చెప్పిన పద్ధతి సుమారుదైనా చక్కటిది. పనిముట్ల నిషేధం ఒట్టి మడి కాదా?

పనిముట్ల ఎంపిక మన చేతిలోనిదే, ఒప్పుకుంటాను. కానీ ఎంపిక చేశాకే ‘ఇది రాదు’ అన్న మాటకు అర్థం వస్తుంది. ఆంక్ష మారితే సాధ్యాసాధ్యాల పటం ఎలా మారుతుందో చూడడంలో గొప్ప గణితముంది. స్కేలు లేకుండా కాంపస్ ఒక్కటే చాలునని గియార్గ్ మోర్ 1672లో, మాస్కెరోని 1797లో చూపించారు. కాంపస్ లేకుండా, కేంద్రంతో సహా ఒకే ఒక్క వృత్తం కాగితం మీద ఉంటే స్కేలే చాలునని స్టైనర్ 1833లో నిరూపించాడు. ఇక త్రిభుజంలో మూడు అంతర కోణ సమద్విఖండన రేఖల పొడవులు ఇచ్చిన సమస్య దగ్గరకు రండి. ఏ మూడు ధన సంఖ్యలు ఇచ్చినా అలాంటి త్రిభుజం ఉంది, సరిగ్గా ఒక్కటే ఉంది. మిరోనెస్కు, పనైటొపోల్ దీన్ని 1994లో ప్రచురించారు. కానీ సాధారణంగా దాన్ని స్కేలు, కాంపస్‌లతో గీయలేం. మధ్యగత రేఖలకు షరతుంది, గీయగలం. ఉన్నతులకు వేరే షరతుంది, గీయగలం. సమద్విఖండన రేఖలకు షరతే లేదు, గీయలేం. ఉండడం వేరు, చేతికందడం వేరని ఇంత తక్కువ మాటల్లో చెప్పే పాఠం బడి గణితంలో నాకు ఇంకొకటి కనబడదు.

6

చివరి ఆక్షేపణ కంప్యూటర్‌ది. జియోజీబ్రా లాంటి సాఫ్ట్‌వేర్ పిల్లల ఫోన్లలోనే ఉంది. బిందువును వేలితో లాగితే బొమ్మంతా కదులుతుంది, సమాధానాలు పుట్టడం, మాయమవడం తెరమీదే కనిపిస్తుంది. ఇక చర్చ చేతితో ఎందుకు? నేను దాన్ని శత్రువుగా చూడను. 1960 ప్రశ్నలో ఒక స్పర్శరేఖ నెమ్మదిగా భూమికి సమాంతరమై, సి బిందువు తెర అంచు దాటిపోవడం చూసిన విద్యార్థికి మెలిక ఎక్కడుందో తెలిసిపోతుంది. కానీ తెర చెప్పలేనిది ఒకటుంది. రామానుజన్ చతురస్రాన్ని తెరమీద గీసి, నిజంగా సమానమైన చతురస్రాన్ని పక్కన పెట్టండి. మామూలు జూమ్‌లో మన కంటికి తేడా అందదు. ఒకటి సుమారు, ఒకటి అచ్చం అని చెప్పేది ఉపపత్తి, పటం కాదు. కోణాన్ని మూడు భాగాలు చేశామంటూ ఏటా ఎవరో ఒకరు విశ్వవిద్యాలయాలకు పంపే కాగితాలు ఈ తేడా తెలియకపోవడం వల్లే పుడుతున్నాయి. వాళ్లను వెక్కిరించకండి, బడిలో వాళ్లకు ఎవరూ నాలుగో అంచె చెప్పలేదు.

ఆ అంచెను తిరిగి తేవడానికి పోటీలు నడిపేవారికీ, ఉపాధ్యాయ మిత్రులకూ కొత్త అధ్యాయాలేవీ అవసరం లేదు. మన తొమ్మిదో తరగతి పుస్తకాల్లో చాలాకాలం ఉన్న ఒక లెక్క చాలు. త్రిభుజం భూమి, భూమి దగ్గర ఒక కోణం, మిగతా రెండు భుజాల భేదం ఇచ్చి నిర్మించమంటుంది. విద్యార్థులు ఇంటికెళ్లి ఇది గీయండి. భూమి బిసి 8 సెంటీమీటర్లు, బి దగ్గర కోణం 60 డిగ్రీలు. భేదంగా, అంటే ఎబి నుంచి ఎసి తీసేస్తే మిగిలేదానిగా, మొదట 3 సెంటీమీటర్లు తీసుకోండి. పుస్తకం చెప్పినట్టే, 60 డిగ్రీల కిరణం మీద బి నుంచి 3 సెంటీమీటర్ల దగ్గర డి గుర్తుపెట్టి, డి, సి కలిపి, దాని లంబ సమద్విఖండన రేఖ గీయండి. అది కిరణాన్ని తాకినచోట ఎ. కాగితం కాస్త పెద్దది తీసుకోవాలి, ఎబి 27.5, ఎసి 24.5 సెంటీమీటర్లు వస్తాయి. తరువాత భేదాన్ని 5 చేసి అవే మెట్లు ఎక్కండి. డిసి పొడవు మళ్లీ 7 సెంటీమీటర్లే. కానీ ఈసారి సమద్విఖండన రేఖ కిరణాన్ని తాకదు, బి వెనక్కి పొడిగిస్తే 19.5 సెంటీమీటర్ల దగ్గర తాకుతుంది. అక్కడ దొరికిన త్రిభుజంలో బి కోణం 120 డిగ్రీలు, పైగా ఎసి పెద్దది. మీరు అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. 5 అన్నది 8 కన్నా తక్కువే, త్రిభుజ అసమానతకు భంగమేమీ లేదు, అయినా త్రిభుజం లేదు. ఇక భేదం 4 పెట్టండి. రెండు గీతలూ సమాంతరం, ఎక్కడా కలవవు.

భేదం ఎంతవరకు పెరగొచ్చు? భూమిని కోణం కొసైన్‌తో గుణిస్తే వచ్చేదానికి తక్కువ ఉండాలి, ఇక్కడ 4కు తక్కువ. అది ఎందుకో నిరూపించడం, కోణం 90 డిగ్రీలో అంతకు మించో ఉంటే ఏమవుతుందో చెప్పడం మీ వంతు. ఈ లెక్కను ఏడు మార్కులకు ఇచ్చినప్పుడు నిర్మాణానికి మూడు, ఆ షరతుకూ దాని నిరూపణకూ నాలుగు వేయమని మూల్యాంకనం చేసే మిత్రులను కోరుతున్నాను.